మురుగునీరు పట్టా అడుగదు

భారీవర్షం పడిన రాత్రి నీరు వీధిగుమ్మం దాటి వస్తుందేమోనని ఇంటిల్లిపాదీ గోనెబస్తాలు అడ్డంపెట్టి కాపలా కూర్చుంటారు. ఆ సమయంలోనే నీరు ఇంటి లోపలినుండి పైకి వస్తుంది. మొదట స్నానాలగది తూములో బుడగలు లేస్తాయి. తరువాత మరుగుదొడ్డిలో నీటిమట్టం పెరుగుతుంది. కొద్దిసేపటికి వీధి వీధంతటి మురుగు మన గచ్చుమీద పరచుకుంటుంది. బియ్యపు డబ్బా, పరుపులు, పిల్లల పుస్తకాలు తడిసిపోతాయి. వాన వెలిశాక నీరు తీసిపోతుంది గాని దుర్గంధము, దోమలు, విరేచనాలు, జ్వరాలు ఇంటిలోనే మిగిలిపోతాయి.

ఇటువంటి విషయంమీద కార్మికసంఘ పత్రిక వ్రాయడమేమిటని కొందరు పాఠకులు అడుగవచ్చు. వేతనాలు, పెన్షను, ఖాళీల భర్తీ, కాంట్రాక్టు పద్ధతి రద్దు - ఇవి గదా మన సమస్యలు అనవచ్చు. వాటిలో దేనినీ మేము తక్కువ చేయడం లేదు. అయితే తెల్లవార్లూ మురుగు తోడిపోసిన లోకో పైలట్ ఉదయం ఇంజనెక్కి సిగ్నళ్ళు చూడవలసి వున్నది. మోకాలిలోతు నీటిలో, మూత ఎగిరిపోయిన మాన్‌హోల్ ఎక్కడున్నదో తెలియని వీధిలో పోస్టుమాన్ బట్వాడా చేయవలసి వున్నది. మరుగుదొడ్డి పనికిరాని రోజున ఇంటిలోని స్త్రీలు, వృద్ధులు పడే బాధ వారు నోటితో చెప్పుకోలేనిది. నెల రోజులు కష్టపడి సంపాదించిన జీతంలో ఎంతభాగం మందులకు, ఎంతభాగం పాడైన సామాను తిరిగి కొనుక్కోవడానికి పోతున్నదో లెక్కవేసుకుంటే, ఇది జీతభత్యాల సమస్య కూడా అని స్పష్టమవుతుంది.

బిర్సానగర్ చెప్పే పాఠం

జార్ఖండ్ రాష్ట్రంలోని జంషెడ్‌పూర్ నగరానికి తూర్పు పార్శ్వాన, టెల్కో కాలనీకి చేరువలో బిర్సానగర్ వున్నది. బిర్సా ముండా పేరు పెట్టుకున్న ఈ బస్తీని జోన్ల సంఖ్యలతో గుర్తిస్తారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులనుండి ఉత్తరాంధ్ర జిల్లాల వారు పనికోసం ఖరగ్‌పూర్, టాటానగర్ ప్రాంతాలకు వెళ్ళి స్థిరపడినారు. రైల్వేలో, తపాలాశాఖలో, కర్మాగారాలలో జీవితమంతా పనిచేసి, క్వార్టరు ఖాళీ చేయవలసిన రోజు దగ్గరపడినపుడు చేతిలో వున్న కొద్దిపాటి సొమ్ముతో నగరపు అంచున చిన్న ఇల్లు కట్టుకోవడం అక్కడి ఉద్యోగులకే గాక దేశమంతటా మనవారికి అనుభవమే. అందుచేత బిర్సానగర్ సమస్య అనేక పట్టణాలలోని మన సభ్యుల సమస్య.

జంషెడ్‌పూర్ ప్రణాళిక లేకుండా పుట్టిన ఊరు కాదు. 1907 లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడినది. 1919 లో సాక్చీకి జంషెడ్‌పూర్ అని, కాలీమాటీ స్టేషనుకు టాటానగర్ అని పేర్లు వచ్చినవి. ఆ రోజులలోనే ఎఫ్.సి. టెంపుల్ అనే పారిశుద్ధ్య ఇంజనీరు పట్టణానికి ఒక ప్రణాళిక తయారుచేశారు. ఛోటానాగపూర్ పీఠభూమి ఎత్తుపల్లాల నేల. ఆ నేల సహజమైన వాలును, వాగులను గమనించి, వాటికి అనుగుణంగా వీధులు, పారుదల వుండాలని భావించిన ప్రణాళిక అది. 1940 దశకంలో ఆటో కోనిగ్స్‌బర్గర్ మరొక ప్రణాళిక ఇచ్చారు. ఒక ఇంజనీరు పట్టణాన్ని కాలువలతో మొదలుపెట్టి ఆలోచించడం ఎంతో దూరదృష్టి అని చెప్పక తప్పదు.

అయితే ఈ ప్రణాళికలు కంపెనీ క్వార్టర్లకు, కంపెనీ భూమికి పనికివచ్చినంతగా, ఆ క్వార్టర్లలో చోటుదొరకని శ్రామికులకు పనికిరాలేదు. వారు ప్రణాళిక గీతకు అవతల గుడిసెలు వేసుకున్నారు, తరువాత గోడలు కట్టుకున్నారు, ఆ తరువాత డాబాలు వేసుకున్నారు. అట్లా ఏర్పడినవే నేడు 86 బస్తీలుగా పేరుపడినవి. 1996 జనవరి 1 నుండి 30 సంవత్సరాలకు వర్తించేట్లు 2005 లో పునరుద్ధరింపబడిన కంపెనీ లీజునుండి ఈ బస్తీల భూమిని మినహాయించినారు. మాలికానా హక్కు కావాలన్నది బస్తీవాసుల చిరకాలపు కోరిక. ప్రతి ఎన్నికలోనూ ఆ మాట వినిపిస్తుంది.

ఫలితంగా ఒకే నగరంలో రెండు వ్యవస్థలు నిలిచినవి. కంపెనీ ప్రాంతపు మురుగునీటి నిర్వహణ జుస్కోగా ఏర్పడి నేడు టాటా స్టీల్ యు.ఐ.ఎస్.ఎల్. అని పిలువబడుతున్న సంస్థ చేతిలో వున్నది. బస్తీల బాధ్యత నోటిఫైడ్ ఏరియా కమిటీది. జంషెడ్‌పూరుకు ఎన్నికైన పురపాలక సంఘం వుండాలా వద్దా అన్న వివాదం 1988 లోనే సుప్రీంకోర్టుదాకా వెళ్ళినది. కాగితంమీద ఈ సరిహద్దులు ఎంత స్పష్టంగా వున్నా, వాననీటికి అవి తెలియవు. అది ఎత్తునుండి పల్లానికి పోతుంది. పైవీధివారి నీరు క్రిందివీధికి, ఒక సంస్థ పరిధిలోని నీరు మరొక సంస్థ పరిధిలోనికి వచ్చి చేరుతుంది. ఎవరికి వారు తమ హద్దువరకే చూచుకున్నపుడు, హద్దు దగ్గర వున్న ఇల్లు మునుగుతుంది.

నీరు ఎందుకు ఎదురు తన్నుతుంది?

కారణం తెలియనిదే కోరిక సరిగా కోరలేము. కాబట్టి ఈ విషయాన్ని కొంచెం వివరంగా చూడవలసి వున్నది.

మొదటి కారణం, కాలువ చివర నీరు పోవడానికి తావులేకపోవడం. జంషెడ్‌పూరుకు సువర్ణరేఖ, ఖర్కాయీ నదులు రెండూ ఆధారం. ఎగువన చాండిల్ జలాశయంనుండి నీరు వదలినపుడు, ఒడిశా వైపునుండి ఖర్కాయీ పొంగినపుడు నదీమట్టం పెరుగుతుంది. మాంగో వంతెనవద్ద సువర్ణరేఖకు 121.50 మీటర్లు, ఆదిత్యపూర్ వంతెనవద్ద ఖర్కాయీకి 129 మీటర్లు ప్రమాదసూచికలు. 2025 జూన్ వర్షాలలో ఈ నదులు ప్రమాదసూచికను దాటి పల్లపు ప్రాంతాలను ముంచినవి. నది ఎత్తు కాలువనోటి ఎత్తును మించినపుడు కాలువలోని నీరు ముందుకు పోదు. నదినీరే వెనుకకు వస్తుంది. నదికి దూరంగా వున్న వీధులలో కూడా పెద్దవాగు నిండినపుడు జరిగేది ఇదే.

రెండవ కారణం, వాననీటిని మురుగుగొట్టంలో కలపడం. దీనికి మనమే చాలావరకు బాధ్యులము. 100 చదరపు మీటర్ల డాబామీద ఒక గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడినదనుకుందాము. ఆ ఒక్క గంటలో డాబామీదనుండి దిగే నీరు 5,000 లీటర్లు. పట్టణాల నీటి సరఫరాకు ప్రభుత్వం ప్రమాణంగా చెప్పేది తలకు రోజుకు 135 లీటర్లు. అంటే ఐదుగురున్న ఇంటి రోజు వాడకం 675 లీటర్లు. వారం రోజులలో ఆ ఇంట వాడే నీటికన్న ఒక గంట వాననీరు ఎక్కువ. ఇంటి మురుగుకోసం వేసిన నాలుగంగుళాల గొట్టంలోనికి ఈ నీటిని వదలిపెడితే, వీధిలోని పది ఇళ్ళ డాబాలు కలిసి గంటకు 50,000 లీటర్లు ఆ కాలువమీద మోపినట్లే. డాబా సగమే వున్నా భారంలో సగం తప్పదు.

మూడవ కారణం, రోడ్డు ఎత్తు. పాతపొరను గీకి తీసివేయకుండా దానిమీదనే మరొక పొర వేస్తూపోతే రోడ్డు పెరుగుతుంది, ఇల్లు కుంగుతుంది. ఇల్లు కట్టిననాడు వీధికన్న రెండుమెట్లు ఎత్తున వున్న గచ్చు, పాతికేళ్ళకు వీధికన్న పల్లమవుతుంది. ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోవాలి: వీధిలోని మాన్‌హోల్ మూతకన్న ఏ ఇంటి గచ్చు పల్లంగా వున్నదో, ఆ ఇంటి తూమునుండే వీధిమురుగు బయటపడుతుంది. నీరు ఎప్పుడూ తనకు దొరికిన అతి పల్లపు నోటినే వెతుక్కుంటుంది.

నాలుగవది పూడిక, వాలులోపము. నాలుగంగుళాల గొట్టానికి నలభై అడుగులకు ఒక అడుగు, ఆరంగుళాల గొట్టానికి అరవై అడుగులకు ఒక అడుగు వాలు వుండాలన్నది మేస్త్రీలు అనుసరించే పాత లెక్క. ఈ వాలు లేనిచోట మలినం అడుగున కూర్చుంటుంది. దానిపైన ప్లాస్టిక్ సంచులు, ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక, సిమెంటు వచ్చి చేరుతాయి. వర్షానికి ముందే సగం మూసుకుపోయిన కాలువ వర్షం రాగానే పూర్తిగా చేతులెత్తివేస్తుంది.

ఐదవది, భూగర్భ కాలువలు లేని బస్తీలలో సెప్టిక్ ట్యాంకుల స్థితి. ట్యాంకు నీటిని వీధికాలువలోనికి వదిలే గొట్టం ఆ కాలువ అంచుకన్న పల్లంగా వుంటే, వానలో కాలువనీరే ట్యాంకులోనికి వస్తుంది. ట్యాంకు నిండి మరుగుదొడ్డి పొంగుతుంది. రెండు మూడు సంవత్సరాలకు ఒకసారి ట్యాంకు ఖాళీ చేయించని ఇంటిలో ఇది మరింత త్వరగా జరుగుతుంది.

ఇవన్నీ ఇప్పటికే వున్న కష్టాలు. బిర్సానగర్‌లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన క్రింద బహుళ అంతస్తుల గృహసముదాయం తలపెట్టబడినది. పేదలకు గట్టి ఇళ్ళు రావడం హర్షించదగిన విషయమే. అయితే కొత్తగా వేలాది కుటుంబాల మురుగు, అంత పెద్ద కట్టడాలమీద పడిన వాన ఏ దారిన పోతుందో, దిగువ వీధుల కాలువలు దానికి సరిపోతాయో లేదో ముందుగా తేల్చవలసిన బాధ్యత కట్టించేవారిపైన వున్నది.

గుమ్మం పెంచుకుంటే సరిపోతుందా?

వీధి మునిగిన తరువాత ప్రతి ఇంటివారు చేసేది గుమ్మం ఎత్తు పెంచడం. డబ్బున్నవారు గచ్చు మొత్తం రెండడుగులు లేపుతారు. లేనివారు ఇటుకలు పేర్చుకుంటారు. ఇంటిముందు కాలువపైన పలక వేసి, దానిమీద మోటారుసైకిలు నిలుపుకుంటారు. ఆ పలక క్రింద పూడిక తీయడానికి దారి లేకుండా పోతుంది. ఇట్లా ఒకరు లేపుకున్న ఎత్తు ప్రక్కవారికి పల్లమవుతుంది. అద్దెకు క్రింది అంతస్తులో వుండే కుటుంబం, విధవరాలైన పెన్షనరు, కొత్తగా ఉద్యోగంలో చేరిన యువకుడు - వీధిలోని నీరంతా చివరకు వీరి గదులలో చేరుతుంది. ఎవరి గుమ్మం వారు చూచుకునే పద్ధతిలో వున్న అన్యాయం ఇదే.

ఇంటివరకు చేసుకోదగిన పనులు లేకపోలేదు. వాటిని ఇరుగుపొరుగులకు నష్టం కలుగకుండా చేసుకోవచ్చు.

డాబా గొట్టాన్ని మురుగుగొట్టంనుండి వేరుచేసి, వాననీటిని ఇంకుడుగుంటకో, వాననీటి కాలువకో మళ్ళించాలి. అన్నిటికన్న ముందు చేయవలసిన పని ఇది. ఇంటి మురుగుగొట్టం వీధి మాన్‌హోలును చేరే ముందు, ఇంటి ఆవరణలో గచ్చుకన్న పల్లంగా ఒక గల్లీ ట్రాప్ వుండాలి. మురుగు ఎదురు తన్నినపుడు మొదట అది పొంగుతుంది. గదులలోనికి రావలసిన మలినం పెరట్లోనే ఆగుతుంది. పల్లపు ఇళ్ళవారు నీటిని ఒకేవైపు పోనిచ్చే నాన్-రిటర్న్ వాల్వు బిగించుకోవచ్చు. అయితే ఆ వాల్వు మూసుకున్నంతసేపు మన ఇంటి నీరు కూడా బయటకు పోదు. కాబట్టి వాన ఉధృతంగా వున్నపుడు స్నానాలు, బట్టలుతుకుట ఆపాలి. పై అంతస్తుల నీరు క్రిందివారి గదులలో పడకుండా వాల్వు ఎక్కడ పెట్టాలో తెలిసిన పనివానిచేత పెట్టించాలి. ప్రతి మే నెలలో దానిని విప్పి శుభ్రం చేయకపోతే అది అలంకారంగా మిగులుతుంది.

ఇవేవీ లేని ఇంటిలో, ఆపత్సమయాన స్నానాలగది తూము జాలీ తీసి, బిగుతుగా పట్టే రెండు మూడడుగుల పైపుముక్కను నిలువుగా దిగవేయడం పాతవారికి తెలిసిన ఉపాయం. వీధినీటి మట్టం ఎంతవున్నదో అంతవరకే ఆ పైపులో నీరు లేస్తుంది, గచ్చుమీదకు రాదు. తూములన్నిటినీ గుడ్డలు కుక్కి మూసివేయడంకన్న ఇది మేలు. నీరు ఇంటిలోనికి వచ్చినపుడు ముందు విద్యుత్ మెయిన్ కట్టివేయాలి. తరువాత బ్లీచింగు పొడితో కడుగుకోవాలి గాని, దానితోపాటు మరుగుదొడ్డి ఆసిడును కలుపరాదు. ఆ కలయికనుండి ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. త్రాగునీటిని కాచి త్రాగాలి. కాలికి పుండ్లున్నవారు ఆ నీటిలో దిగితే ఎలుకజ్వరం సోకే ప్రమాదమున్నది.

కాలువలో దిగే మనిషి ఎవరు?

కాలువ పొంగగానే మన నోట వచ్చే మాట, "ఎవరినైనా పిలిచి దింపండి" అని. ఆ దిగేవాడు కూడా శ్రామికుడే. మూసుకుపోయిన మాన్‌హోలులో, సెప్టిక్ ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడు వాయువు చేరుతుంది. కొద్దిగా వున్నపుడు కుళ్ళిన గ్రుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగినపుడు వాసన తెలిసే శక్తినే హరిస్తుంది. వాసన లేదుకదా అని దిగినవాడు స్పృహతప్పి పడిపోతాడు. అతనిని రక్షించడానికి దిగిన రెండవవాడు, మూడవవాడు కూడా ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు దేశంలో పదేపదే జరిగినవి.

2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని మురుగుకాలువలో గాని, సెప్టిక్ ట్యాంకులో గాని దింపడం నేరం. మొదటి నేరానికే రెండు సంవత్సరాలవరకు జైలు, రెండు లక్షల రూపాయలవరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇట్లా మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు చెల్లించాలని 2014 మార్చి 27 న సుప్రీంకోర్టు ఆదేశించినది. 2023 అక్టోబరు 20 నాటి తీర్పులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచినది. ఈ చట్టం అధికారులకే గాక ఇంటియజమానులకూ వర్తిస్తుంది. మన ఇంటి ట్యాంకులోనికి రెండువందల రూపాయలకో, మూడువందలకో ఒక బీదవానిని దింపే మనము, కాంట్రాక్టు కార్మికుల హక్కులమీద తీర్మానాలు చేయడానికి అర్హులమేనా అని ప్రశ్నించుకోవాలి. యంత్రంతోనే పూడిక తీయాలన్న కోరికను మన కోరికల పత్రంలో మొదటివరుసలో పెట్టాలని మా అభిప్రాయం.

రత్లాం వీధివాసులు సాధించినది

బస్తీలలో మురుగుకాలువ అడిగితే తరచుగా ఎదురయ్యే సమాధానాలు రెండు. ఒకటి, నిధులు లేవన్నది. రెండవది, భూమిమీద హక్కే తేలలేదు, కాలువ ఎట్లా వేస్తామన్నది. ఈ రెండింటిలో మొదటిదానికి సమాధానం నలభై సంవత్సరాలకు పూర్వమే వచ్చినది. అది వచ్చినది కూడా రైల్వేవారందరికీ తెలిసిన జంక్షను ఊరినుండే.

మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వీధివాసులు తెరచివున్న మురుగుకాలువలు, మలినం, దుర్గంధం భరించలేక మేజిస్ట్రేటును ఆశ్రయించారు. కాలువలు నిర్మించాలని మేజిస్ట్రేటు పురపాలక సంఘాన్ని ఆదేశించారు. తనవద్ద డబ్బు లేదని సంఘం సుప్రీంకోర్టువరకు వెళ్ళినది. 1980 జులై 29 న జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గార్ల ధర్మాసనం ఆ వాదాన్ని త్రోసిపుచ్చినది. ప్రజారోగ్యాన్ని కాపాడే చట్టబద్ధమైన విధినుండి నిధుల లేమి పేరుతో తప్పుకోవడానికి వీలులేదని తీర్పు చెప్పినది. ఆనాడు వారు వినియోగించుకున్నది క్రిమినల్ ప్రొసీజర్ కోడులోని 133 వ సెక్షను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152 వ సెక్షను దాని స్థానంలో వున్నది.

రెండవ సమాధానానికి కూడా దీనిలోనే జవాబున్నది. ఆ సెక్షను ప్రజలకు కలిగే ఉపద్రవాన్ని తొలగించడానికి ఏర్పడినది. ఫిర్యాదుదారు ఇంటిపట్టా చూపించాలని అది కోరదు. పట్టాల సమస్య తేలడానికి ఎన్ని సంవత్సరాలు పడుతుందో చెప్పలేము. పట్టా వచ్చిన తరువాతనే కాలువ అన్న మాటను అంగీకరిస్తే ఒక తరం మురుగులోనే గడచిపోతుంది. మురుగునీరు పట్టా అడిగి ఇంటిలోనికి రావడం లేదు. దానిని ఆపడానికి పట్టా అడగడం న్యాయం కాదు. మాలికానా హక్కుకోసం జరిగే ఉద్యమం ఒకవైపు సాగవలసినదే. కాలువకోసం ఉద్యమం దానికోసం ఆగనవసరం లేదు.

మనకు తెలిసిన పని

కాలువ నిర్వహణ మనకు తెలియని విద్య కాదు. రైలుకట్ట మనుగడ మొత్తం నీటి పారుదలమీద ఆధారపడి వున్నది. వర్షాకాలానికి ముందు సైడ్ డ్రెయినులు బాగుచేయడం, వంతెనల క్రింద అడ్డు తొలగించడం, వంతెన స్తంభంపైన ప్రమాదమట్టం గీయడం, వానరోజులలో రాత్రి గస్తీ తిరగడం ట్రాక్‌మెన్ తరతరాలుగా చేస్తున్న పని. 2024 సెప్టెంబరు 1 న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం - ఇంటికన్నె మధ్య కట్ట కోసుకుపోయి విజయవాడ - కాజీపేట మార్గంలో రైళ్ళు నిలిచిపోయిన సంగతి అందరికీ గుర్తున్నది. రేయింబవళ్ళు శ్రమించి ఆ మార్గాన్ని తిరిగి తెరచినది కార్మికులే. అదే రోజులలో విజయవాడలో బుడమేరు పొంగి కాలనీలకు కాలనీలు మునిగినవి.

ఈ విద్యను మన వీధికి తెచ్చుకోవాలి. వంతెన స్తంభంమీద గీసినట్లే, వీధి మొదట ఒక గోడమీద ప్రతి వర్షానికి నీరు ఎంత ఎత్తు వచ్చినదో గీత గీసి తేదీ వేయాలి. ఏ మాన్‌హోల్ ముందు పొంగినదో, ఎన్ని గంటలకు తీసినదో ఒక నోటుపుస్తకంలో వ్రాయాలి. రెండు వర్షాకాలాల లెక్క చేతిలో వుంటే, "మాకు ఫిర్యాదు రాలేదు" అనడానికి ఏ అధికారికీ నోరు రాదు. వీధులన్నిటి నడకా తెలిసిన పోస్టుమాన్ సోదరులు ఈ పనిలో ఎంతో సహాయపడగలరు.

క్వార్టర్లలో నివసించేవారికి మరొక మార్గమున్నది. క్వార్టరు ఉచితదానం కాదు. అందులో వుండేవారికి ఇంటి అద్దె అలవెన్సు రాదు. పైగా జీతంనుండి లైసెన్సు ఫీజు కోసుకుంటారు. అంటే క్వార్టరు మన వేతనంలో భాగమే, దాని మురుగుకాలువ ఎదురు తన్నడం వేతనంలో కోతతో సమానమే. ఫిర్యాదుల పుస్తకంలో వ్రాసి, సంఖ్య తీసుకుని, నకలు శాఖ కార్యాలయానికి ఇవ్వాలి. 1952 నుండి రైల్వేలలో వున్న శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం, 1966 నుండి కేంద్ర ఉద్యోగులకు వున్న సంయుక్త సంప్రదింపుల యంత్రాంగం ఇటువంటి విషయాలకు కూడా ఉద్దేశింపబడినవే. డివిజను సమావేశపు అజెండాలో కాలనీ కాలువ ఒక అంశంగా చేరాలి. వాన పడిన తరువాత కాదు, ఫిబ్రవరి, మార్చి నెలలలోనే చేరాలి.

మన కోరికలు

ఈ పరిస్థితులలో ప్రతి శాఖ తన ఊరి పరిస్థితిని బట్టి ఈ క్రింది కోరికలను స్థానికసంస్థల ముందు, శాఖాధికారుల ముందు వుంచాలని సూచిస్తున్నాము.

1. వీధికాలువలు, వాగులు, కాలనీ మురుగుగొట్టాల పూడికను మే నెలాఖరులోగా యంత్రాలతో తీయించాలి. తీసిన పూడికను గట్టుమీదనే వదలక అదే రోజున తరలించాలి.

2. వాననీటికి, మురుగునీటికి వేరువేరు మార్గాలు ఏర్పరచాలి.

3. రోడ్డు తిరిగి వేసేటపుడు పాతపొర గీకి తీసి, పూర్వపు ఎత్తునే నిలపాలి.

4. ఒకే వాగుమీద అధికారం పంచుకున్న సంస్థలన్నీ వర్షాకాలానికి ముందు ఉమ్మడిగా సమావేశమై, ఏ భాగానికి ఎవరు బాధ్యులో వీధివారికి తెలిసేట్లు బోర్డు పెట్టాలి.

5. పట్టా వున్నదా లేదా అన్న దానితో సంబంధం లేకుండా ప్రతి నివాసవీధికి కాలువ సౌకర్యం కల్పించాలి.

6. పారిశుద్ధ్య కార్మికులను కాలువలో దింపడం నిలిపివేయాలి. వారికి పరికరాలు, భీమా, స్థిరమైన ఉద్యోగం ఇవ్వాలి.

వీటితోపాటు మనము చేయవలసినవి మనము చేసినపుడే కోరడానికి బలం వస్తుంది. డాబా గొట్టం వేరుచేయడం, కాలువమీది పలకను తీసివేయడం, ఇల్లు కట్టిన ఇసుకను వీధిలో వదలకపోవడం మన చేతిలోని పనులు. 1908 సెప్టెంబరు 28 న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత అక్కడకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వరదను ఆపే జలాశయాలతోపాటు నగరపు మురుగునీటి పారుదలకు కూడా పథకం సూచించారు. నదిలోని వరద, ఇంటిలోని తూము ఒకే సమస్యకు రెండు కొసలని ఆనాడే ఆయన గుర్తించారు. ఒక కొస ప్రభుత్వం చేతిలో, ఒక కొస మన చేతిలో వున్నది.

బిర్సానగర్ జోన్లలో గాని, కాజీపేట, విజయవాడ, ఖరగ్‌పూర్ కాలనీలలో గాని, ఒంటరిగా బస్తాలు పేర్చుకున్న ఇల్లు ఏ వర్షాకాలాన్నీ గెలువలేదు. వీధిలోని ఇళ్ళన్నీ కలిసి ఒక కాగితంమీద సంతకాలు చేసి, ఒకే రోజున ఒకే కార్యాలయానికి వెళ్ళినపుడు పరిస్థితి మారుతుంది. ప్రతి శాఖ వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ విషయాన్ని చర్చించి, కాలనీకొక కాలువ కమిటీని ఏర్పరచుకోవాలని, ఆ కమిటీలలో స్త్రీలకు, పెన్షనర్లకు, అద్దె ఇళ్ళవారికి స్థానం ఇవ్వాలని సోదర సోదరీ ఉద్యోగులందరికీ విజ్ఞప్తి చేస్తున్నాము.